20 నిమిషాల టెస్ట్ డ్రైవ్ మాట నమ్మాలా, కాగితం మీది అంకెల మాట నమ్మాలా?

తాళంచెవి

అందరికీ నమస్కారం. 11 ఏళ్ళు నడిచిన మా కారును ఇక మార్చక తప్పడం లేదు. నెల రోజులు చదివి, తెలిసినవాళ్ళని అడిగి మూడింటి దగ్గర ఆగాం. ఒకటి డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్స్ (రెండు క్లచ్‌లతో గేర్లు వాటంతటవే మారేది) ఉన్న టర్బో పెట్రోల్, రెండోది పెట్రోల్ ఇంజిన్, ఎలక్ట్రిక్ మోటారు రెండూ ఉన్న హైబ్రిడ్, మూడోది ఎలక్ట్రిక్. మొన్న ఒక్క రోజులో మూడూ నడిపి చూశాను, ఒక్కొక్కటీ 20 నిమిషాలు.

మైలేజీ, డిక్కీ, క్రాష్ టెస్ట్ రేటింగ్, వారంటీ అన్నీ రాసుకుని చూస్తే హైబ్రిడ్ ముందుంది. కానీ ఎలక్ట్రిక్ కారు దిగినప్పటి నుంచి నా మనసు దాని మీదే ఉంది. కాలు ఆనించగానే కదిలే ఆ తీరు, లోపలి నిశ్శబ్దం మర్చిపోలేకపోతున్నాను. చిక్కేమిటంటే, వెనక కూర్చున్న మా ఆవిడకి ఆ కారులోనే కడుపులో తిప్పింది. హైబ్రిడ్‌లో హాయిగా ఉందంది.

పదేళ్ళు ఉంచుకునే కారుని 20 నిమిషాల అనుభవాన్ని బట్టి ఎంచుకోవచ్చా? మీలో ఎవరికైనా ఇలా జరిగిందా?

లెక్కలమనిషి

సూటిగా చెబుతాను: ఎంచుకోకూడదు. నేను అలా ఎంచుకుని దెబ్బతిన్నాను.

ఇంతకు ముందు కారు 15 నిమిషాలు నడిపి కొన్నాను. సీటు ఎంత మెత్తగా ఉందంటే, అందులోంచి లేవబుద్ధి కాలేదు. నెల తర్వాత మొదటిసారి దూరం వెళ్ళాం. రెండో గంటకి నడుము లాగడం మొదలైంది. సీటు అడుగు భాగం పొట్టిది, తొడల సగం దగ్గరే ఆగిపోతుంది, బరువంతా నడుము మీద పడుతుంది. ఆ సంగతి 15 నిమిషాల్లో తెలియదు. రెండేళ్ళు ఓర్చుకుని నష్టానికి అమ్మేశాను.

టెస్ట్ డ్రైవ్‌లో మనకి నచ్చేవి చాలావరకు మొదటి పది నిమిషాల్లో నచ్చేవే. మెత్తటి సీటు, తేలికైన స్టీరింగ్, పెద్ద తెర. యాక్సిలరేటర్ సంగతి మరీను. కొన్ని కార్లలో పెడల్ మొదటి కొంచెం నొక్కుకే ఇంజిన్ ఎక్కువ స్పందించేలా అమర్చి ఉంటుంది. కారుకి చాలా బలం ఉందనిపిస్తుంది. నలుగురు ఎక్కి, సామాను పెట్టి, ఎత్తు ఎక్కేటప్పుడు అసలు బలం ఎంతో తెలుస్తుంది. పైగా మనకి ఇచ్చేది చాలాసార్లు ఖరీదైన వేరియంట్. మనం కొనేదానికి చక్రాల సైజు, టైర్లు వేరుగా ఉంటే కుదుపు కూడా వేరుగానే ఉంటుంది.

అన్నిటికంటే పెద్ద విషయం ప్రాణానికి సంబంధించినది. యూరప్‌లో కార్ల భద్రతని పరీక్షించి స్టార్లు ఇచ్చే సంస్థ యూరో ఎన్‌క్యాప్ తన మొదటి క్రాష్ టెస్ట్ ఫలితాలు 1997లో బయటపెట్టింది. అందులో రోవర్ 100కి ఒక్క స్టార్ వచ్చింది. అది 1980లో ఆస్టిన్ మెట్రోగా మొదలై, మార్పులతో, పేరు మార్పుతో అప్పటిదాకా అమ్ముడవుతున్న కారు. లక్షల మంది నడిపి చూసి, నచ్చి కొన్నారు. వాళ్ళలో ఎవరికీ స్టీరింగ్ పట్టుకున్నప్పుడు ఆ సంగతి తెలిసే దారి లేదు. గోడకి గుద్ది చూస్తే తప్ప తెలియనిది అది. ఆ సంవత్సరంలోనే దాని తయారీ ఆగిపోయింది.

మీ మనసు ఏం చెబుతోందో నాకు అర్థమవుతోంది. కానీ హైబ్రిడ్ కొనండి.

స్టీరింగ్‌మీదచెయ్యి

లెక్కలమనిషి గారూ, క్రాష్ టెస్ట్ విషయంలో మీతో వాదం లేదు. అది కాగితం మీదే చూసుకోవాలి, టెస్ట్ డ్రైవ్‌కి వెళ్ళకముందే చూసుకోవాలి. కానీ మిగతా అంకెల్ని మీరు మరీ ఎక్కువ నమ్ముతున్నారు.

మైలేజీ అంకె ఎక్కడి నుంచి వస్తుంది? యూరప్‌లో 2017 దాకా వాడిన ఎన్‌ఈడీసీ పరీక్ష నిడివి 1,180 సెకన్లు. అంటే 20 నిమిషాల కన్నా తక్కువ. దూరం సుమారు 11 కిలోమీటర్లు. అదీ రోడ్డు మీద కాదు, ల్యాబ్‌లో రోలర్ల మీద. దాని బదులు వచ్చిన డబ్ల్యూఎల్‌టీపీ మెరుగైనదే, అయినా అది కూడా 30 నిమిషాలే, 23 కిలోమీటర్ల చిల్లర. మీరు నమ్మమంటున్న కాగితం వెనక ఉన్నది కూడా ఒక చిన్న టెస్ట్ డ్రైవే. తేడా ఏమిటంటే అందులో మీరు లేరు, మీ రోడ్డు లేదు.

ఇక కాగితం అసలు చెప్పనివి ఎన్నో. స్వీడన్‌లో ఒక కార్ల పత్రిక 2022లో ఒక పరీక్ష పెట్టింది. గంటకి 110 కిలోమీటర్ల వేగంలో వెళ్తూ ఏసీ వేడి పెంచడం, రేడియో స్టేషన్ మార్చడం లాంటి నాలుగు చిన్న పనులు చెయ్యాలి. అన్నిటికీ విడి మీటలున్న 2005 నాటి వోల్వో కారులో అవన్నీ 10 సెకన్లలో అయిపోయాయి, ఆ లోపు కారు 306 మీటర్లు వెళ్ళింది. అంతా తెర మీదే ఉన్న ఒక కొత్త కారులో అవే పనులకి కారు 1,372 మీటర్లు వెళ్ళింది. కిలోమీటరుకి పైగా దూరం కళ్ళు రోడ్డుకీ తెరకీ మధ్య తిరుగుతూనే ఉన్నాయన్నమాట. బ్రోషర్‌లో మాత్రం ఆ పెద్ద తెర గొప్పగా కనిపిస్తుంది. 2026 నిబంధనల్లో యూరో ఎన్‌క్యాప్ కూడా ఇండికేటర్లు, హజార్డ్ లైట్లు, వైపర్లు, హారన్ లాంటి వాటికి విడి మీటలు ఉండాలని అడుగుతోంది. ఆ మీట మన చేతికి అందుతోందా లేదా అన్నది నడిపితేనే తెలుస్తుంది.

తాళంచెవి గారూ, మనసు చెప్పింది కూడా సమాచారమే. దాన్ని కొట్టిపారేయకండి.

గ్యారేజ్‌మాట

మీ ఇద్దరి వాదన బాగుంది కానీ, వాళ్ళ ఆవిడకి కడుపులో ఎందుకు తిప్పిందో ఎవరూ అడగలేదు.

తాళంచెవి గారూ, ఎలక్ట్రిక్ కారులో యాక్సిలరేటర్ మీంచి కాలు తీయగానే మోటారే జనరేటర్‌గా మారి బ్యాటరీలోకి కరెంటు పంపుతుంది. దాంతో బ్రేక్ తొక్కకుండానే కారు నెమ్మదిస్తుంది. దీన్ని రీజెనరేషన్ అంటారు. చాలా కార్లలో దీనికి స్థాయిలు ఉంటాయి. ఎక్కువ స్థాయిలో పెట్టి, అలవాటు లేని కాలుతో పాత కారు నడిపినట్టే కాలు తీస్తూ వేస్తూ ఉంటే, వెనక కూర్చున్నవాళ్ళ తల ప్రతిసారీ ముందుకీ వెనక్కీ ఊగుతుంది. కారు ఎప్పుడు ఆగబోతోందో మీకు ముందే తెలుసు, ఆమెకి తెలియదు. కడుపులో తిప్పేది అందుకే. ఆ రోజు ఏ స్థాయిలో ఉందో అడిగి, తక్కువకి మార్చి మళ్ళీ నడపండి. ఈసారి ఆమెని నడపమని మీరు వెనక కూర్చోండి.

డ్యూయల్ క్లచ్ కారుని ఖాళీ రోడ్డు మీద చూస్తే లాభం లేదు. అది ఇబ్బంది పెడితే కిక్కిరిసిన ట్రాఫిక్‌లో పెడుతుంది. నడక వేగంలో ఆగుతూ కదులుతూ పది నిమిషాలు నడపండి, ఎత్తు మీద ఆపి మళ్ళీ కదిలించండి. జెర్క్ ఉంటే అక్కడ బయటపడుతుంది. బయల్దేరే ముందు టైర్లలో గాలి ఎంతుందో కూడా చూడమనండి. గాలి ఎక్కువుంటే మంచి కారు కూడా ఎగిరెగిరి పడుతుంది.

ఇదంతా కొత్త కార్ల సంగతి. ఎవరైనా వాడిన కారు కొనాలనుకుంటే టెస్ట్ డ్రైవ్ లేకుండా అసలు కొనకండి, దయచేసి. ముందు బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే, మీరు వచ్చేలోపే స్టార్ట్ చేసి పెట్టారని అర్థం. చల్లటి ఇంజిన్ స్టార్ట్ అయ్యే తీరులోనే సగం జాతకం తెలుస్తుంది. నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోంది. వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకపోతే కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) ఇంజిన్ లోపలికి పోతూ ఉండొచ్చు. స్టీరింగ్ పూర్తిగా తిప్పి నెమ్మదిగా కదిలించినప్పుడు ముందు చక్రాల దగ్గర టక్ టక్ వినిపిస్తే సీవీ జాయింట్ (చక్రాలకి ఇంజిన్ బలం అందించే కీలు) అరిగింది. పై గేర్‌లో యాక్సిలరేటర్ నొక్కితే ఇంజిన్ మోత పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ జారుతోంది. వేగంలో బ్రేక్ వేస్తే స్టీరింగ్ వణికిందంటే డిస్కులు చూపించాలి. రేడియో కట్టేసి, అద్దాలు ఎత్తి వినండి. ఇవేవీ ఏ కాగితంలోనూ ఉండవు.

ముందుసీటు

నా ఎత్తు 150 సెంటీమీటర్లు. ఈ చర్చ అంతా సీటు దానంతటదే సరిపోయేవాళ్ళ మధ్య నడుస్తున్నట్టుంది, అందుకే రాస్తున్నాను.

పెడల్ అందాలంటే నేను సీటు ముందుకి జరుపుకోవాలి. జరుపుకుంటే స్టీరింగ్ ఛాతీకి దగ్గరవుతుంది. ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోవడానికి స్టీరింగ్ మధ్య నుంచి రొమ్ము ఎముక దాకా కనీసం 25 సెంటీమీటర్లు ఉండాలంటారు. స్టీరింగ్ పైకీ కిందకీ మాత్రమే కదిలి, ముందుకీ వెనక్కీ కదలని కార్లలో నాకు ఆ దూరం మిగలదు. బెల్టు భుజం మీంచి కాకుండా మెడ మీంచి పోతుంది. ముందు అద్దం పక్కనున్న లావాటి స్తంభం మలుపులో రోడ్డు దాటే మనిషిని మొత్తంగా కప్పేస్తుంది. రేటింగ్‌లో 5 స్టార్లు ఉన్న కారులోనే నాకు ఇలా జరిగింది.

ఒక చోట నేను కారు కొనడానికి వెళ్తే ప్రశ్నలన్నీ పక్కన ఉన్న మా తమ్ముణ్ణి అడిగారు, తాళం కూడా వాడి చేతికే ఇచ్చారు. వాడు నడిపి బాగుందన్నాడు. వాడికి బాగానే ఉంటుంది. నేను పట్టుబట్టి డ్రైవర్ సీట్లో కూర్చుని, సీటు ఎత్తు, అద్దాలు అన్నీ సరిచేసుకుని, బండి కదిలించకుండా అరగంట కూర్చున్నాను. ఆ అరగంటలోనే అది నా కారు కాదని తేలిపోయింది.

తాళంచెవి గారూ, మీ ఆవిడ కూడా ఆ కారు నడుపుతారా? నడిపితే ఆమెని వెనక ఎందుకు కూర్చోబెట్టారు?

లెక్కలమనిషి

ముందుసీటు గారూ, మీరు చెప్పింది ఒప్పుకుంటున్నాను. 25 సెంటీమీటర్ల సంగతి నేను ఎప్పుడూ ఆలోచించలేదు. అయితే గమనించండి, మీరు టెస్ట్ డ్రైవ్‌తో ఒక కారుని వద్దనుకున్నారు. నేను దానికి అడ్డు చెప్పడం లేదు. సరిపోనిదాన్ని పక్కన పెట్టడానికి 20 నిమిషాలు చాలు. ‘ఇదే కావాలి’ అని తేల్చుకోవడానికి మాత్రం చాలవు. నా వాదన అంతవరకే.

తాళంచెవి గారిని ఒకటి అడగాలి. మూడింటినీ ఏ వరసలో నడిపారు? చివర నడిపింది మనసులో ఎక్కువ నిలుస్తుంది. పైగా 11 ఏళ్ళ కారులోంచి దిగి కొత్తది ఏది ఎక్కినా నిశ్శబ్దంగానే ఉంటుంది.

స్టీరింగ్‌మీదచెయ్యి

ఇక్కడ మాత్రం నేను ఒప్పుకోను. నేను ఒకసారి పూర్తిగా అంకెలు చూసి కారు కొన్నాను. తప్పు పట్టడానికి అందులో ఏమీ లేదు, రిపేర్ కూడా రాలేదు. కానీ పొద్దున్నే తాళం తీసుకోబుద్ధి అయ్యేది కాదు. ఆరేళ్ళు అలాగే నడిపాను. రోజుకి గంటన్నర ఇష్టం లేని చోట కూర్చోవడం చిన్న విషయం కాదండీ. నచ్చడం అన్నది లెక్కలోకి రాదంటే ఎలా?

దూరప్రయాణం

20 నిమిషాలు చాలవని లెక్కలమనిషి గారు అంటున్నారు కదా, మరి ఎక్కువసేపు నడపండి. అదే మోడల్ అద్దెకి దొరికితే రెండు రోజులు తీసుకోండి. రాత్రి హెడ్‌లైట్ల వెలుగు ఎంత దూరం పోతుందో, వాన పడితే వైపర్లు ఎలా తుడుస్తాయో, మీ పార్కింగ్‌లో తిరుగుతుందో లేదో అన్నీ తెలుస్తాయి. నేను అలాగే చేశాను. అద్దె డబ్బు పోయిందని ఒక్కరోజూ బాధపడలేదు.

కొన్నాక వాపసు ఇవ్వడం ఇంకో దారి. టెస్లా 2019లో అమ్మకాలు ఆన్‌లైన్‌కి మార్చినప్పుడు, 7 రోజుల్లో లేదా 1,000 మైళ్ళలోపు నచ్చకపోతే వెనక్కి ఇచ్చేయొచ్చంది. మరుసటి ఏడాదే ఆ వెసులుబాటు తీసేసింది. కాబట్టి వాపసు మాట మీద ఆధారపడేవాళ్ళు అది రాతలో ఉందో లేదో ముందు చూసుకోవాలి.

తాళంచెవి

అందరికీ ధన్యవాదాలు. నాలుగు రోజుల తర్వాత రాస్తున్నాను.

లెక్కలమనిషి గారూ, మీ అనుమానం నిజమే, ఎలక్ట్రిక్ కారే చివర నడిపాను. గ్యారేజ్‌మాట గారూ, రీజెనరేషన్ అన్నిటికంటే పై స్థాయిలో ఉందట. ముందుసీటు గారూ, మీ ప్రశ్న చదివి సిగ్గుపడ్డాను. మా ఆవిడ రోజూ నడుపుతుంది, నాకంటే ఎక్కువే నడుపుతుంది.

నిన్న సాయంత్రం మళ్ళీ వెళ్ళాం. డ్యూయల్ క్లచ్ కారు ట్రాఫిక్‌లో పది నిమిషాలకే మా ఇద్దరికీ విసుగు తెప్పించింది, దాన్ని వదిలేశాం. తర్వాత ఎలక్ట్రిక్, చివర హైబ్రిడ్. ఈసారి ఆమె నడిపింది, నేను వెనక కూర్చున్నాను. రీజెనరేషన్ తగ్గించాక ఎలక్ట్రిక్ కారులో తల ఊగడం లేదు. తర్వాత కాసేపు ఆమె వెనక కూర్చుని చూసినా బాగానే ఉందంది. కానీ దాంతోపాటే నాకు మొదట అంత నచ్చిన, కాలు తీయగానే బండి నెమ్మదించే ఆ ‘పట్టు’ కూడా సగం పోయింది. హైబ్రిడ్‌లో ఆమెకి కుడివైపు మలుపు తిరిగేటప్పుడు స్తంభం అడ్డొచ్చింది. రెండుసార్లు మెడ చాచి చూడాల్సి వచ్చింది. వెనక సీట్లోంచి హాయిగా అనిపించిన కారే ముందు సీట్లోంచి ఆమెకి నచ్చలేదు.

వచ్చే వారం ఎలక్ట్రిక్ కారు రెండు రోజులకి అద్దెకి తీసుకుంటున్నాం. ఒక రాత్రి ప్రయాణం పెట్టుకున్నాం, పిల్లవాడి సీటు కూడా తీసుకెళ్తున్నాం.

ముందుసీటు

పిల్లవాడి సీటు వెనక బిగించాక, ముందు సీట్లను మీ ఇద్దరి ఎత్తుకీ సరిచేసి చూడండి. మా చెల్లెలు వాళ్ళకి ముందు సీటు పూర్తిగా ముందుకి జరిపితే తప్ప ఆ సీటు పట్టలేదు. కారు కొన్నాక తెలిసింది వాళ్ళకి.