పర్యావరణ మదింపు: సంస్థలోని వారితోనా, బయటివారితోనా?

లాకుల దారి: కాకినాడ తీరంలోని మా పరిశ్రమ విస్తరణకు పర్యావరణ అనుమతి తీసుకోవలసి ఉంది. మదింపును మా పర్యావరణ విభాగానికే అప్పగించాలని కొందరు, బయటి సంస్థకు ఇవ్వాలని కొందరు అంటున్నారు. అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

గౌతమి పాయ: ముందుగా చట్టం సంగతి. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా ప్రకటన (ఈఐఏ నోటిఫికేషన్) కింద మీది ఏ లేదా బీ1 వర్గమైతే, అంటే ప్రభావ అంచనా నివేదిక తప్పనిసరైన ప్రాజెక్టైతే, ఆ నివేదికను భారత నాణ్యతా మండలికి చెందిన నాబెట్ గుర్తింపు ఉన్న సంస్థే తయారు చేయాలి కాబట్టి అక్కడ మీకు ఎంపిక లేదు. ఎంపిక ఉన్నది అనుమతి వచ్చాక, ఏటా జూన్ 1కీ డిసెంబర్ 1కీ ఇవ్వవలసిన షరతుల అమలు నివేదికల దగ్గరే.

మురుగుకాలువ: గుర్తింపు ఉన్నంత మాత్రాన డెల్టా తెలిసినట్టు కాదండి. వర్షాకాలం మినహా ఒక ఋతువు సమాచారం చాలు కనుక మా దగ్గరికి వచ్చిన బృందం వేసవిని ఎంచుకుంది. అప్పటికి పంట కాలువలు కట్టేశారు; డ్రెయిన్లలో (మురుగునీటి కాలువల్లో) ఉన్నదంతా రొయ్యల చెరువుల నుంచి వదిలిన నీరూ, సముద్రం నుంచి ఎగదన్నిన ఉప్పునీరూ. ఒకే వంతెన కింద సముద్రం పోటు వేళ పట్టిన సీసాకూ, నీరు వెనక్కి తగ్గే పాటు వేళ పట్టిన సీసాకూ ఉప్పదనంలో పొంతన ఉండదు. వారి పత్రంలో తేదీ ఉంది గానీ గంట లేదు. మా పంపుహౌస్ ఉద్యోగి అడిగేదాకా ఆ లోపం ఎవరికీ తట్టలేదు. అందుకే సంతకం బయటివారిదైనా, నమూనాల వేళలు నిర్ణయించేటప్పుడు సంస్థలోని స్థానికులు పక్కన ఉండాలంటాను.

గౌతమి పాయ: అది ఒప్పుకుంటాను. అయితే పై అధికారికి నచ్చని అంకెను కింది ఉద్యోగి రాయగలడా? నేను పనిచేసిన ఒక చోట అలాంటి అంకె చివరి ప్రతికి చేరనే లేదు. బయటివారికి ఫీజు ఇచ్చేదీ యజమానే కనుక వారినీ పూర్తిగా నమ్మలేము. ఫీజు వాయిదాలను అనుమతి రావడంతో ముడిపెట్టకండి. ప్రయోగశాల ఇచ్చిన అసలు పత్రాలన్నీ అనుబంధంగా జతచేయాలని ఒప్పందంలోనే రాయించండి. అమలు నివేదికలు ఎలాగూ ప్రజాపత్రాలే, ఊరివాళ్లు అడిగి చదువుతారు.

లాకుల దారి: అయితే ఆరు నెలల నివేదికలు మా విభాగమే రాసి, వాటిని ఏడాదికొకసారి బయటివారు పరిశీలించి నేరుగా డైరెక్టర్లకే నివేదించేలా ప్రతిపాదిస్తాను. నీటి నమూనాల వివరాలు రాసే పత్రంలో పోటుపాట్ల వేళకూ, లాకులు తెరిచారా మూశారా అన్నదానికీ గడులు పెట్టిస్తున్నాను. భూగర్భ జలాలకు ఏ ఊరి బావులు తీసుకోవాలో కూడా చెబుతారా?

మురుగుకాలువ: చెరువుల పక్క బావి ఒకటి, వాటికి దూరంగా కాలువ ఎగువన మరొకటి తప్పక ఉంచండి. చెరువుల పక్కవే తీసుకుంటే ఉప్పు ఎవరిదో తేలదు.