కాకో-2 కణాల్ని సాగదీస్తే పెరగాల్సింది పోయి తగ్గుతున్నాయి: తప్పు ఎక్కడ?

క్రిప్ట్_కింద: కాకో-2 (మనిషి పెద్దపేగు క్యాన్సర్ నుంచి తీసిన కణాలు), ఆరు గుంటల బయోఫ్లెక్స్ ప్లేటు (అడుగున సాగే సిలికోన్ పొర, వాక్యూమ్‌తో లాగితే కణాలూ సాగుతాయి), ఫైబ్రోనెక్టిన్ (కణాలు అతుక్కునే ప్రొటీను) కోటింగు. 10% సాగు, నిమిషానికి 10 సార్లు, 24 గంటలు. పెరుగుదల హెచ్చాలి కదా, లెక్కపెడితే మామూలు ప్లేటులో కన్నా తక్కువే ఉన్నాయి. మెషీన్ సెట్టింగు తేడానా?

సిలికోన్_పొర: సెట్టింగుది కాదండీ. మనిషి చిన్నపేగు లయ పైభాగంలో నిమిషానికి సుమారు 12, చివర్లో 8. మీ 10 ఆ మధ్యలోనే ఉంది. తిరకాసంతా కోటింగులో. కొల్లాజెన్, లామినిన్ అనే వేరే అతుకు ప్రొటీన్ల మీద ఇదే సాగు కణాల్ని విభజన వైపు నెడుతుంది. ఫైబ్రోనెక్టిన్ మీదైతే విభజన తగ్గి, కణాలు పక్కకి జరగడం పెరుగుతుంది. పేగుపొర దెబ్బతిన్న చోట ఫైబ్రోనెక్టిన్ చేరుతుంది కదా, అక్కడ ముందు గండి పూడ్చాలి, సంఖ్య పెంచడం తర్వాత. కొల్లాజెన్-1 ప్లేటులో మళ్లీ చేయండి.
మామూలు ప్లేటుతో పోలికే చెల్లదు. ఆ ప్లాస్టిక్ గట్టిది, ఈ పొర మెత్తనిది. కంట్రోల్ కూడా అదే కోటింగున్న బయోఫ్లెక్స్ ప్లేటే కావాలి, అదే ఇంక్యుబేటర్లో, వాక్యూమ్ ఇవ్వకుండా.

లెక్క_పక్కా: కాకో-2 రెట్టింపు కావడానికే రెండున్నర రోజుల పైన పడుతుంది. 24 గంటలకి తలలు లెక్కపెడితే ఏం తేలుతుంది? చివరి 2 గంటలు 10 మైక్రోమోలార్ ఈడీయూ (విభజనకి సిద్ధమయ్యే కణాల కొత్త డీఎన్‌ఏలో చేరే గుర్తు రసాయనం) ఇచ్చి, మెరిసే కేంద్రకాల శాతం తీయండి. ఎమ్‌టీటీ (రంగు మార్పుతో కొలిచే పరీక్ష) వద్దు. అది కొలిచేది కణం జీవక్రియని, సంఖ్యని కాదు, సాగుతో జీవక్రియ కూడా మారొచ్చు. తీసేసిన మీడియం (కణాల్ని పెంచే ద్రవం) పారబోయకుండా అందులో ఊడిన కణాలెన్నో చూడండి. ఊడిపోయినా "పెరగలేదు" అన్నట్టే కనిపిస్తుంది.
ఇంకోటి, గుంట వ్యాసం 35 మి.మీ., కింద ఆనించే దిమ్మె 25 మి.మీ. దిమ్మె మీద సాగు ఒకేలా ఉంటుంది, అంచున ఉండదు. నడుమ భాగమే లెక్కలోకి తీసుకోండి.

క్రిప్ట్_కింద: మీడియంలో 10% సీరం వాడుతున్నాం. దాని వల్ల ఇబ్బందా?

సిలికోన్_పొర: సీరంలోనూ ఫైబ్రోనెక్టిన్ ఉంటుంది! కొల్లాజెన్ వేసినా పైనుంచి అది వచ్చి చేరుతుంది. కణాలు అతుక్కున్నాక సీరం తగ్గించి, అప్పుడు సాగు మొదలుపెట్టండి. రెండు ప్లేట్లకీ ఒకే లాటు. గుంట నిండకముందే మొదలెట్టాలి, నిండితే కాకో-2 విభజన మాని ముదరడం మొదలుపెడుతుంది.

పంపు_గోల: దిమ్మెల మీద గ్రీజు ఎండిందేమో కూడా చూడండి. పొర జారక పట్టేస్తే తెరమీద 10% అనే ఉంటుంది, కణాలకి అంత అందదు. ప్రతి రన్‌కీ ముందు పల్చగా రాయాలి. వాక్యూమ్ గొట్టంలోకి ఇంక్యుబేటర్ తేమ చేరితే కూడా ఒత్తిడి తప్పుతుంది, నీటి ట్రాప్ ఖాళీ చేయండి.

లెక్క_పక్కా: కొల్లాజెన్ మీద పెరుగుదల కనిపిస్తే ఒక గుంటలో ఈఆర్‌కే (విభజన సంకేతం చేరవేసే ప్రొటీను) దారిని ఆపే పీడీ98059 వేయండి, పక్క గుంటలో మందు కరిగించే ద్రావకం డీఎమ్‌ఎస్‌ఓ ఒట్టిదే. మందు వేసిన చోట పెరుగుదల పోతే అది ఈఆర్‌కే దారిలో వచ్చిందనుకోవచ్చు. కానీ అది సాగు వల్లా, మీడియం అటూ ఇటూ ఊగడం వల్లా అన్నది దీంతో తేలదు. దానికి సాగని ప్లేటుని అదే వేగంతో ఊపే కంట్రోల్ ఒకటి పెట్టుకోవాలి.