రిసెసివ్ పైడ్ (మచ్చల రంగు రకం) బడ్జీ చిలుక మగదా, ఆడదా? సీర్ (ముక్కు పైన రంధ్రాలుండే మెత్తటి భాగం) చూసి చెప్పగలరా?

మా బడ్జీకి ఏడాది నిండింది. ఒళ్లంతా పసుపు, పొట్ట మీద ఆకుపచ్చ మచ్చలు. కంటిపాప చుట్టూ తెల్ల వలయం ఇంకా రాలేదు కాబట్టి రిసెసివ్ పైడే అనుకుంటున్నాను.

మామూలు రంగుల్లో ఈ వయసుకి మగదాని సీర్ ముదురు నీలంగా, ఆడదానిది గోధుమరంగులోనో తెల్లబారినట్టో ఉంటుంది. రిసెసివ్ పైడ్, లుటినో (ఎర్ర కళ్లతో పూర్తి పసుపు), అల్బినో (ఎర్ర కళ్లతో పూర్తి తెలుపు) మగవాటికి మాత్రం గులాబీ-ఊదా రంగే ఉండిపోతుంది గనక నీలం కోసం చూసి లాభం లేదు. దీని సీర్ లేత ఊదా. చిక్కల్లా ముక్కు రంధ్రాల అంచున పల్చటి తెలుపుతోనే. ఫ్లాష్ వెలుగు రంగును మార్చేస్తుందని పగటి వెలుతురులోనే చూశాను, అప్పుడూ అంతే. అరుపులు, తల ఊపడం నమ్మదగ్గ గుర్తులు కావు.

రిసెసివ్ పైడ్ మగవాటిలో ఇలాంటి తెలుపు ఎవరైనా చూశారా? డీఎన్‌ఏ పరీక్షకు రాలిన ఈకలు సరిపోవు, ఛాతీ ఈకలు మొదలుతో సహా పీకాలి. దాన్ని అంత బాధపెట్టకుండా తేలితే బాగుండు. జత తేవాలి, రెండూ ఆడవైతే ఒకే పంజరంలో గట్టిగా కొట్టుకునే ప్రమాదం ఉంది.