జార్ కుటుంబం చావుకు ఐదో జార్జి బాధ్యుడేనా?

ప్రశ్న:
రష్యా చక్రవర్తి (జార్) రెండో నికోలస్ 1917 మార్చి 15న సింహాసనం వదులుకున్నాడు. రష్యా కొత్త విదేశాంగ మంత్రి మిల్యుకోవ్ అడగగా, ఆ కుటుంబానికి ఆశ్రయమిస్తామని బ్రిటన్ ప్రభుత్వం వారం తిరిగేసరికి మాట ఇచ్చింది. ఏప్రిల్ 6న బ్రిటన్ రాజు ఐదో జార్జి కార్యదర్శి స్టాంఫర్డ్‌హామ్ ఆ మాట వెనక్కి తీసుకోవాలని తమ విదేశాంగ మంత్రి బాల్ఫర్‌కు రాశాడు. మరుసటి ఏడాది జూలై 17 తెల్లవారుజామున యెకతెరీన్‌బుర్గ్‌లో తల్లిదండ్రులనూ ఐదుగురు పిల్లలనూ కాల్చి చంపారు. జార్జికి నికోలస్ పిన్ని కొడుకు, నికోలస్ భార్య అలెగ్జాండ్రా సొంత మేనత్త కూతురు. అంత దగ్గరి వాళ్లను కాదన్న రాజును నేను క్షమించలేకపోతున్నాను. మీరేమంటారు?

జవాబు:
రాజు చేసింది తప్పే. అయితే ఆ తప్పే వాళ్ల ప్రాణం తీసిందంటే ఒప్పుకోలేను. బ్రిటన్ మాట ఇచ్చిన మార్చి 22నే, జార్ దేశం దాటిపోకుండా చూడటానికి రాజధానిలోని కార్మికుల, సైనికుల మండలి అయిన పెట్రోగ్రాడ్ సోవియట్ సాయుధులను, ఆ కుటుంబం నిర్బంధంలో ఉన్న జార్స్కొయె సెలోకు పంపింది. ఓడ ఎక్కడానికి ఉత్తరాన ఉన్న ముర్మాన్స్క్ రేవుకు చేరాలంటే రైల్వే కార్మికులు రైలు కదలనివ్వాలి. వాళ్లు సోవియట్ మాట వినేవారు. పైగా అప్పుడు పిల్లలు తట్టుతో మంచం పట్టి ఉన్నారు. ఆ వేసవిలో తీసిన ఒక ఫొటోలో ఐదుగురూ నున్నటి గుండ్లతో కనిపిస్తారు; జబ్బు తర్వాత జుట్టు రాలిపోతుంటే గొరిగించేశారు. ఆ ఫొటో చూసినప్పుడల్లా నా మనసు పాడవుతుంది.

ప్రశ్న అడిగినవారు:
రైలు కదిలేది కాదన్నది నిజమైతే ఆగస్టులో ఎలా కదిలింది? జార్ దిగిపోయాక ఏర్పడ్డ తాత్కాలిక ప్రభుత్వానికి అప్పటి అధినేత కెరెన్‌స్కీ ఇదే కుటుంబాన్ని జపాన్ రెడ్‌క్రాస్ గుర్తున్న రైల్లో త్యుమెన్ దాకా, అక్కడినుంచి స్టీమరులో టొబోల్స్క్‌కు క్షేమంగా చేర్చాడు కదా!

జవాబు:
సైబీరియాకు తరలించడం వేరు, శత్రువుగా చూసే జార్‌ను దేశం దాటించడం వేరు. రెండోదానికి సోవియట్ ఊరుకునేది కాదు. అయినా మీ మాటలో సగం నిజముంది. బ్రిటన్ మాట మీద నిలబడి ఉంటే, తాత్కాలిక ప్రభుత్వానికి కనీసం అడగడానికి ఒక చోటుండేది. ఇంగ్లండులో కార్మికుల ఆగ్రహం తన కిరీటానికి ముప్పవుతుందని రాజు భయపడ్డాడు. ఆ నింద మాత్రం చాలా ఏళ్లు ప్రధాని లాయిడ్ జార్జి మోశాడు, అదే నాకు మింగుడుపడదు. 1919 ఏప్రిల్‌లో అదే రాజు నౌకాదళానికి చెందిన మార్ల్‌బరో యుద్ధనౌక యాల్టా నుంచి నికోలస్ తల్లి మరియా ఫ్యోదొరొవ్నాను ఎక్కించుకుని వెళ్లింది. కొడుకూ కోడలూ మనవలూ చనిపోయారని ఆమె అప్పటికీ నమ్మలేదు.