‘కాళ్ళతో రుచి చూసే చేప’: ఈ వాక్యాన్ని దిద్దాలా?

ప్రశ్న: గర్నార్డ్ అనే సముద్రపు చేప మీద రాసిన వ్యాసంలో ‘అది కాళ్ళతో రుచి చూస్తుంది’ అని ఉంది. చేపకు కాళ్ళేమిటి, కాళ్ళతో చూడటమేమిటి, ‘రెక్కలతో రుచిని గ్రహిస్తుంది’ అని మార్చాలని ఒక మిత్రుని వాదన. పెద్దలు చెప్పగలరు.

జవాబు: మార్చకండి. తెలుగులో చూడటం కంటికే పరిమితం కాదు. వాసన చూస్తాం, నాడి చూస్తాం. మరో క్రియ పక్కన చేరితే పరీక్షించడం అవుతుంది: తట్టి చూడు, తవ్వి చూడు. ‘గ్రహించడం’లో ఈ వెతుకులాట లేదు, ఈ చేప బతుకంతా వెతుకులాటే.

మొప్పల వెనక చెరో పక్కన ఉండే పెద్ద రెక్కలో కింది మూడు ఈనెలు పొర నుంచి విడిపోయి, ఒక్కొక్కటీ విడిగా కదులుతాయి. ఈ ఆరింటి మీదే అది సముద్రపు అడుగున నడుస్తుంది. అమెరికా తూర్పు తీరంలో ఉండే దీని బంధువు, ఉత్తర సీ రాబిన్ అనే చేప మీద 2024లో పరిశోధనలు వెలువడ్డాయి. దాని కాళ్ళ చివర సన్నని బుడిపెలు ఉంటాయి. వాటితో ఇసుకను తాకి చూసి, రుచి చూసి, కంటికి ఆనవాలు కూడా దొరకని ఎరను తవ్వి తీస్తుంది! దానికి దగ్గరి చుట్టమైన చారల సీ రాబిన్‌కు బుడిపెలు లేవు, తవ్వే అలవాటూ లేదు. దానికి మాత్రం ‘నడుస్తుంది’తో ఆగాలి.

కాళ్ళు అన్నది పోలికే, నిజానికి అవి రెక్క ఈనెలు. ఆ సంగతి ఒకసారి చెప్పి, తర్వాత నిస్సంకోచంగా కాళ్ళనే రాయవచ్చు.

మరో ప్రశ్న: అదే వ్యాసంలో ‘లోతు నీళ్ళలో ఎర్రగా మెరుస్తూ’ అని కూడా ఉందండీ.

జవాబు: దాన్ని తప్పకుండా దిద్దాలి. ఎర్రని కాంతిని నీరు పైపొరల్లోనే పీల్చేస్తుంది. 100 మీటర్ల లోతున ఈ చేప ఒళ్ళు నల్లగానే ఉంటుంది, వలలో పైకి వచ్చాకే ఎరుపు తెలుస్తుంది. దాని పెద్ద రెక్కల అంచున ఉండే నీలం మాట వేరు, లోతుకు చేరే కాంతి ఆ రంగుదే. ‘మెరుస్తూ’ అన్న మాట ఉంచాలనుకుంటే ఆ నీలానికి ఇవ్వండి.