విండోస్ 11 వేయించాక డీటీపీ పని ఆగిపోయింది: షాపును డబ్బు వెనక్కి అడగడం న్యాయమేనా?

తెనాలి_డీటీపీ:
అందరికీ నమస్కారం. నేనూ మా ఆవిడా కలిసి తెనాలిలో చిన్న డీటీపీ సెంటర్ నడుపుతున్నాం. శుభలేఖలు, కరపత్రాలు, దినకర్మ కార్డులు, ఇవే మా పని. కంప్యూటర్ 2019లో కొన్నది. ఎనిమిదో తరం ఐ3, 4 జీబీ ర్యామ్, బిల్లుతో కొన్న విండోస్ 10 హోమ్, అదీ 64 బిట్ కాదు, పాత తరహా 32 బిట్ రకం. నా తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్ చాలా పాతది, వెనకాల యూఎస్‌బీ డాంగిల్, అంటే తాళంచెవిలా పనిచేసే చిన్న ముక్క, ఉంటేనే తెరుచుకుంటుంది. లేజర్ ప్రింటర్ అంతకన్నా పాతది. అందుకే 32 బిట్ వేయించుకున్నా.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి సపోర్ట్ అయిపోయిందని తెర మీద ఒకటే నోటీసులు. టెన్షన్ పట్టలేక విజయవాడలో ఒక షాపుకి సీపీయూ పట్టుకెళ్లాను. "ఇక 10 పనిచెయ్యదండీ, 11 వేసేద్దాం, హార్డ్ డిస్క్ బదులు వేగంగా ఉండే కొత్త ఎస్ఎస్‌డీ పెడితే రాకెట్‌లా ఉంటుంది" అన్నాడు. సరే అన్నా. మొత్తం 7,200 అయింది. ఎస్ఎస్‌డీ 2,900, "విండోస్ 11 ప్రో ఒరిజినల్" 3,500, సర్వీసు 800.

ఇంటికొచ్చి చూస్తే రాకెట్టే, కానీ డాంగిల్‌ని గుర్తించదు, ప్రింటర్‌ని విండోస్‌తో కలిపే సాఫ్ట్‌వేర్, అదే డ్రైవర్, ఎక్కదు. సరిగ్గా మూఢం వెళ్లి ముహూర్తాలు మొదలయ్యే సమయం. నాలుగు శుభలేఖల ఆర్డర్లు పక్క సెంటర్‌కి పోయాయి. షాపుకి ఫోన్ చేస్తే, "మీరు అడిగిందే వేశాం, సాఫ్ట్‌వేర్‌కి వాపసు ఉండదు" అన్నాడు. నేను సరే అన్న మాట నిజమే. అయినా డబ్బు అడగొచ్చా?

రిపేర్_రాజా:
అన్నా, నేను రాజమండ్రిలో సర్వీస్ సెంటర్‌లో పనిచేస్తా, కాబట్టి నా మాట చేదుగా ఉండొచ్చు. వాపసు అడగడం న్యాయం కాదు. మీరు సీపీయూ ఒక్కటే తీసుకెళ్లారు, ప్రింటర్ తీసుకెళ్లలేదు. పాత సాఫ్ట్‌వేర్ వాడతానని మీ పోస్టులో కూడా షాపు వాడికి చెప్పినట్టు లేదు. రోజుకి పదిమంది వచ్చి "కొత్తది వేసెయ్ తమ్ముడూ" అంటారు. వేస్తాం. వారం తర్వాత 2008 నాటి స్కానర్ చంకన పెట్టుకుని వచ్చి తిడతారు. చెప్పని జబ్బుకి మందెలా ఇస్తాం?

బ్రోమైడ్:
కరీంనగర్‌లో నాదీ ఇదే పని. రాజా తమ్ముడూ, 32 బిట్ మిషన్‌ను 64 బిట్ చేసే ముందు "అన్నా, పాత సాఫ్ట్‌వేర్లు ఏమన్నా ఉన్నయా" అని ఒక్క మాట అడగాలె కదా. డీటీపీ వాళ్ల దగ్గర పాత సామాన్లే ఉంటయని మీ లైన్‌లో తెలియనిదెవరికి? శుభలేఖ అచ్చు వెయ్యడానికి ముందు మనం ట్రేసింగ్ పేపర్ మీద ప్రింట్ తీసియ్యాలె, అది రాకపోతే స్క్రీన్ ప్రింటింగ్ ఆయన చేతులు కట్టుకుని కూర్చుంటడు. ఒక్క మిషన్ ఆగితే మూడిళ్లలో పొయ్యి వెలగదు.

డాలస్_బాబాయ్:
ఇరవై ఏళ్లుగా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉన్నాను, అసలు ఏం జరిగిందో చెప్తాను. విండోస్ 11లో 32 బిట్ రకమే లేదు, ఉన్నదంతా 64 బిట్. 32 బిట్ అప్లికేషన్లు దాని మీద చాలావరకు నడుస్తాయి. డ్రైవర్లు నడవవు. డాంగిల్‌కీ ప్రింటర్‌కీ కావలసింది డ్రైవరే. ఆ కంపెనీలు 64 బిట్ డ్రైవర్ రాయకపోతే ఎవరూ ఏమీ చెయ్యలేరు. మరీ పాత సాఫ్ట్‌వేర్ అయితే ఇన్‌స్టాలర్ 16 బిట్‌ది అయి ఉంటుంది, 64 బిట్ విండోస్‌లో అది మొదలే కాదు. అంటే ఇది అనుకోకుండా వచ్చిన తేడా కాదు, 32 బిట్ అని చూడగానే అడగాల్సిన ప్రశ్న.

రెండోది, "10 పనిచెయ్యదు" అనడం అబద్ధం. పనిచేస్తుంది, సెక్యూరిటీ అప్‌డేట్లు ఆగుతాయి, అంతే. అవి కూడా 2026 అక్టోబరు 13 దాకా ఈఎస్‌యూ అనే పథకంలో చేరితే వస్తాయి. మూడోది నాకు ఎక్కువ కోపం తెప్పించింది. అర్హత ఉన్న కంప్యూటర్‌లో ఒరిజినల్ విండోస్ 10 ఉంటే 11కి మారడం ఉచితం. మదర్‌బోర్డు మారనప్పుడు హోమ్ లైసెన్సుతో 11 హోమ్ యాక్టివేట్ అయిపోవాలి. మరి 3,500 దేనికి? మీకు ప్రో ఎందుకు?

పెన్షనర్:
బ్యాంకులో ముప్పై నాలుగేళ్లు చేసి రిటైరయ్యాను. బాబూ, సాఫ్ట్‌వేర్ అనేది వస్తువు కాదు, వాడుకోవడానికి ఇచ్చే అనుమతి. సీల్ విప్పిన మందు సీసాను ఏ షాపూ వెనక్కి తీసుకోదు. 7,200 కోసం విజయవాడ చుట్టూ తిరిగే బదులు ఆ రోజులు పనిచేసుకుంటే అంతకు రెట్టింపు వస్తుంది. మా వీధిలో ఒకాయన మిక్సీ కోసం కేసు వేసి మిక్సీ ధరకి మూడింతలు ఆటోలకి పెట్టాడు.

ఓరుగల్లు_వకీల్:
పెన్షనర్ గారూ, ఆటో ఖర్చు సంగతి ముందు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కొన్నవాడు తను ఉండే జిల్లాలోనే ఫిర్యాదు చెయ్యొచ్చు. ఈయన గుంటూరు జిల్లా కమిషన్‌లో వేసుకోవచ్చు, ఆన్‌లైన్‌లో కూడా. 5 లక్షల లోపు ఫీజు లేదు. గడువు రెండేళ్లు. దానికన్నా ముందు 1915కి ఫోన్ చేస్తే హెల్ప్‌లైన్ వాళ్లే షాపుతో మాట్లాడతారు.

ఇక సాఫ్ట్‌వేర్ వస్తువు కాదన్న మాట. 2004లో టాటా కన్సల్టెన్సీకీ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికీ మధ్య నడిచిన కేసులో సుప్రీంకోర్టు, సీడీల్లో పెట్టి అమ్మే రెడీమేడ్ సాఫ్ట్‌వేర్ సరుకేనని, దాని మీద అమ్మకం పన్ను పడుతుందని తేల్చింది. పన్ను కట్టేటప్పుడు సరుకైనది, వాపసు అడిగేసరికి కాకుండా పోతుందా? ఈ చివరి వాక్యం నా వాదన, తీర్పులోది కాదు.

సేవాలోపం అంటే ఏమిటో చెప్పేచోట, వినియోగదారుడికి అవసరమైన సమాచారాన్ని ఉద్దేశపూర్వకంగా దాచడం కూడా లోపమే అని 2019 చట్టం చేర్చింది. 1986 నాటి పాత చట్టంలో ఇది లేదు. వ్యాపారం కోసం కొన్నది కాబట్టి వర్తించదని షాపు అనవచ్చు. కానీ సొంతంగా పనిచేసుకుని బతకడానికి కొన్నది వ్యాపారం కింద రాదని అదే చట్టంలో ఉంది. భార్యాభర్తలిద్దరే నడిపే సెంటర్ కనుక ఆ వివరణలోకి వస్తారని నా నమ్మకం.

రిపేర్_రాజా:
వకీల్ గారూ, మీరే అన్నారు, "ఉద్దేశపూర్వకంగా" అని. డాంగిల్ సంగతి వాడికి తెలియదు. తెలియనిది దాచాడని ఎలా అంటారు?

ఓరుగల్లు_వకీల్:
మంచి ప్రశ్న. తెలుసని చూపించలేకపోతే ఈ పాయింట్ బలహీనపడుతుంది, ఒప్పుకుంటాను.

తెనాలి_డీటీపీ:
ఒక విషయం రాయడం మరిచాను. డాంగిల్ ఎప్పుడూ సీపీయూ వెనకాలే ఉంటుంది, నేను తియ్యను. షాపుకి కూడా అలాగే వెళ్లింది. తిరిగి ఇచ్చేటప్పుడు దాన్ని పీకి, పాత హార్డ్ డిస్క్‌తో పాటు చిన్న ప్లాస్టిక్ కవర్‌లో వేసి, "ఇవి మీవేనండీ" అని ఇచ్చాడు.

బ్రోమైడ్:
అయిపాయె! చేత్తో పట్టుకుని పీకినోడికి తెలియదా?

రిపేర్_రాజా:
పెన్‌డ్రైవ్ అనుకుని ఉండొచ్చు... సరే, నేనైతే అడిగేవాణ్ని. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా.

కానీ అన్నా, పాత హార్డ్ డిస్క్ మీ దగ్గరే ఉందా? ముందే చెప్పొద్దూ! దాన్ని ఫార్మాట్ చెయ్యకపోతే మీ పాత విండోస్ దాంట్లో అలాగే ఉంటుంది. ఎస్ఎస్‌డీ వైరు తీసి దానికి పెట్టండి. 32 బిట్‌ది కాబట్టి బయోస్‌లో, అంటే కంప్యూటర్ ఆన్ అవుతుండగా తెరిచే సెట్టింగుల్లో, బూట్ మోడ్‌ని లెగసీకి (పాత పద్ధతికి) మార్చాల్సి రావచ్చు. పది నిమిషాల పని. ఆర్డర్లు పోయే అవసరమే లేదు.

పెన్షనర్:
అంటే పోయిన ఆర్డర్ల నష్టం షాపు మీద వెయ్యడం కుదరదన్నమాట. మందు ఇంట్లోనే ఉంది కదా.

బ్రోమైడ్:
ఇదేం న్యాయం సార్? ఉన్నదని చెప్పినోడెవరు? ఈయన ఫోన్ చేసినప్పుడు "పాత డిస్క్ తగిలించుకో అన్నా" అని ఆ షాపోడు ఒక్క ముక్క అంటే సరిపోయేది. అనలే. "వాపసు లేదు" అని పెట్టేసిండు.

డాలస్_బాబాయ్:
ఇక్కడ అమెరికా కేసులు రెండు గుర్తొస్తున్నాయి. 2016లో కాలిఫోర్నియాలో ట్రావెల్ ఏజెన్సీ నడిపే ఒకావిడకి, తను అడగకుండానే విండోస్ 10 దిగి పని పాడైందని 10,000 డాలర్లు వచ్చాయి. మైక్రోసాఫ్ట్ అప్పీలు వదులుకుంది. అంతకు ముందు, విండోస్ విస్టా నడుస్తుందని కంప్యూటర్ల మీద అంటించిన "విస్టా కేపబుల్" స్టిక్కర్ల మీద వేలమంది తరఫున వేసిన దావా మాత్రం, అందరికీ కలిపి ఒకే కేసుగా నడవదని 2009లో ఆగిపోయింది. చిన్న కోర్టులో నిలబడ్డ ఒక్క మనిషి గెలిచింది. తేడా ఏమిటంటే ఆవిడ అప్‌గ్రేడ్ అడగలేదు, మీరు సరే అన్నారు.

ఒక పని చెయ్యండి. ఎస్ఎస్‌డీలోని విండోస్ 11లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఎస్ఎల్ఎంజీఆర్, స్పేస్, స్లాష్, డీఎల్ఐ కొట్టండి. వచ్చిన బాక్సులో ఏ ఛానల్, అంటే ఏ రకం లైసెన్సు, అని ఉందో చెప్పండి.

తెనాలి_డీటీపీ:
"వాల్యూమ్, కేఎంఎస్ క్లయింట్" అని ఉంది. అంటే?

డాలస్_బాబాయ్:
అంటే మీకు ఒరిజినల్ అమ్మలేదు. అది వందల కంప్యూటర్లున్న ఆఫీసుల కోసం పెట్టిన పద్ధతి. ఆఫీసులోని సర్వర్ దాన్ని కనీసం 180 రోజులకోసారి పొడిగిస్తూ ఉండాలి. తెనాలిలో మీ గదిలో ఆ సర్వర్ ఎక్కడుంది? దొంగ యాక్టివేటర్‌తో పని కానిచ్చి "ఒరిజినల్" అని రాశారు. మీకు ఉచితంగా రావలసినదాని బదులు ఇది పెట్టి 3,500.

రిపేర్_రాజా:
దీనికి నా దగ్గర జవాబు లేదు. ఇలాంటి షాపుల వల్లే మమ్మల్ని కూడా జనం దొంగల్లా చూస్తారు. 3,500 మొత్తం వెనక్కి ఇవ్వాల్సిందే. ఎస్ఎస్‌డీ బాగుంది, అది ఉంచుకోండి. 800 మాత్రం కూలి. రెండు గంటలు కూర్చుని చేశాడు.

ఓరుగల్లు_వకీల్:
బిల్లు మీద జీఎస్టీ నంబరు ఉందా, లేక ఎస్టిమేట్ చీటీయా? ఏదైనా సరే, ఆ బాక్సు ఫొటో తీసుకోండి. యూపీఐలో కట్టుంటే అదీ దాచండి. పోయిన ఆర్డర్ల తాలూకు వాట్సాప్ మెసేజ్‌లు చెరపకండి. ముందు లిఖితంగా అడగండి. బిల్లులో వాపసు గడువు లేకపోతే, లోపం ఉన్న సేవకి 30 రోజుల్లో డబ్బు తిరిగివ్వకపోవడం చట్టప్రకారం అనుచిత వ్యాపార పద్ధతే.

తెనాలి_డీటీపీ:
ఎస్టిమేట్ చీటీయేనండీ, కానీ షాపు ముద్ర ఉంది, "ఒరిజినల్" అని చేత్తో రాసి ఉంది. పాత డిస్క్ తగిలించాను, రాజా తమ్ముడు చెప్పినట్టు లెగసీకి మార్చగానే లేచింది. ట్రేసింగ్ పేపర్ మీద మొదటి ప్రింట్ తీసి మా ఆవిడ దణ్ణం పెట్టుకుంది.

శనివారం చీటీ, ఫొటో, డాంగిల్ పట్టుకుని షాపుకి వెళ్లాను. డాంగిల్ బల్ల మీద పెట్టి, "ఇది ఏమిటో తెలుసా" అన్నా. కుర్రాడు ఓనర్ వైపు చూశాడు. ఓనర్ ఫొటో చూశాక ఎక్కువ మాట్లాడలేదు, 3,500 అక్కడికక్కడే ఫోన్‌లో వేశాడు. 800 ఇవ్వనన్నాడు. ఆర్డర్ల మాట ఎత్తితే, "అది మీ ఖర్మండీ" అన్నాడు. నేను వచ్చేశాను. 800కి 1915కి ఫోన్ చెయ్యాలా వద్దా అని ఆలోచిస్తున్నా.

బ్రోమైడ్:
చెయ్యాలె. చెడగొట్టినందుకు కూలి ఏంది?

రిపేర్_రాజా:
ఎస్ఎస్‌డీ బిగించిన కూలి కూడా అందులోనే ఉంది కదా అన్నా. వద్దనే అంటా.

బ్రోమైడ్:
సరే, బిగించినందుకు 200 పట్టుకుని 600 ఇమ్మను.