గ్రీన్ రేటింగ్ రాయితీని డ్రాయింగులు చూసి ఇవ్వాలా, కరెంటు బిల్లు చూసి ఇవ్వాలా?

ఉద్యోగి, హైదరాబాద్:
ఆంధ్రప్రదేశ్‌లో ఐజీబీసీ (ఇండియన్ గ్రీన్ బిల్డింగ్ కౌన్సిల్) రేటింగ్ పొందిన భవనాలకు పర్మిట్ ఫీజులో రాయితీ ఉంది. ఇలాంటి రాయితీలు సమంజసమేనా? మా కార్యాలయానికి పడమటి గోడంతా అద్దమే. మధ్యాహ్నం రెండు దాటేసరికి ఎండ కళ్లలో పడుతోందని అందరూ తెరలు దించి, పట్టపగలే లైట్లు వేసుకుని కూర్చుంటారు. కింద లాబీలో మాత్రం గ్రీన్ ఫలకం మెరుస్తూ ఉంటుంది.

ఆర్కిటెక్ట్:
ఒక్క భవనాన్ని చూసి పద్ధతినే తప్పుపట్టడం సరికాదండీ. రేటింగ్ అంటే కరెంటు ఒక్కటే కాదు. నీటి పొదుపు, స్థలం, సామగ్రి, లోపలి గాలి నాణ్యత, అన్నిటికీ పాయింట్లు ఉంటాయి. అమెరికా గ్రీన్ రేటింగ్ పద్ధతి అయిన లీడ్‌లో, 2009 నాటి లెక్కన, మొత్తం 110 పాయింట్లయితే ఇంధన విభాగానివి 35. హైదరాబాద్‌లోని సీఐఐ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్‌కు 2003లో లీడ్ ప్లాటినం వచ్చాకే ఇక్కడి బిల్డర్లు ఈ మాట వినడం మొదలుపెట్టారు. ఆ ఆకర్షణను చంపుకోవద్దు.

ఎనర్జీ ఆడిటర్:
నా అభ్యంతరం ఆ 35 దగ్గరే మొదలవుతుంది. ఇంధనంలో కనీస షరతు దాటితే చాలు, మిగతా విభాగాల్లో పాయింట్లు పోగేసుకుని ఫలకం తెచ్చుకోవచ్చు. ఆ ఇంధన పాయింట్లయినా ప్రధానంగా కంప్యూటర్ నమూనా లెక్కల మీద వచ్చేవే. మీ కార్యాలయంలో తెరలు దిగుతాయని, ఎవరో ఏసీని 18 మీద పెడతారని ఆ నమూనాకు తెలియదు. 2007లో వచ్చి 2017లో సవరించిన ఈసీబీసీ (భవనాల ఇంధన పొదుపు నియమావళి) కూడా డిజైన్‌కు కట్టుబాట్లు పెట్టేదే తప్ప, భవనం నడిచాక మీటరు చూసేది కాదు. కేంద్ర ప్రభుత్వ ఇంధన సామర్థ్య సంస్థ బీఈఈ ఇచ్చే స్టార్ రేటింగ్ అలా కాదు: భవనం నడుస్తుండగా చదరపు మీటరుకు ఏడాదికి ఎన్ని యూనిట్లు ఖర్చయ్యాయన్నదే దాని కొలత. కాబట్టి రాయితీలో కొంత భాగాన్ని ఆపి, ఏడాది బిల్లులు చూశాకే విడుదల చేయాలంటాను.

ఆర్కిటెక్ట్:
అద్దెకు దిగిన కంపెనీ మూడు షిఫ్టులు నడిపితే, ఆ బిల్లుకు భవనం కట్టినవాడు జవాబుదారీ అవుతాడా?

ఎనర్జీ ఆడిటర్:
కాడు, అది న్యాయమైన ప్రశ్నే. అందుకే బీపీవో భవనాలను బీఈఈ గంటల లెక్కన కొలుస్తుంది. షిఫ్టులు పెరిగినంత మాత్రాన రేటింగ్ పడిపోదు. సర్వర్ గదికి విడిగా సబ్‌మీటరు పెడితే, ఏసీ, లైట్ల ఖర్చు వేరుగా తేలుతుంది. ఆ షరతును పర్మిట్ దశలోనే రాయించాలి, ఎందుకంటే వైరింగ్ అయిపోయాక ఏ యజమానీ గోడలు పగలగొట్టి మీటర్లు పెట్టించడు.